పైనుండి చూచిన మబ్బులు

వర్షము మబ్బునుండి వచ్చునని పసిపిల్లలకును తెలియును. కాని ప్రతి మబ్బును వర్షింపదను సంగతి నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల రైతునకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదేమో! మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు పడమటి దిక్కునుండి మబ్బులు బారులు తీరి వచ్చుచుండును. దినముల తరబడి మొగులు పట్టి యుండును. ఎండ పొడ కనబడదు. అయినను దుక్కి తడియునంతటి వాన అనేక పర్యాయములు కురియదు. నైరుతి గాలులు అరేబియా సముద్రమునుండి మోసికొని వచ్చు తేమలో అధిక భాగమును పడమటి కనుమలే దింపుకొనును. ఆ కనుమలమీది మహాబలేశ్వరములో సాలునకు 5,000 మి.మీ.లకు మించి వాన కురియగా, కనుమల చాటున నున్న ఈ మెట్టసీమకు దక్కునది సుమారు 600 మొదలు 750 మి.మీ. వరకు మాత్రమే. ఇట్టి ప్రదేశమును వర్షచ్ఛాయా ప్రాంతమని పిలుతురు.

ఏ మబ్బు కురియును, ఏ మబ్బు తేలిపోవును అను ప్రశ్న ఇచ్చట వినోదమునకై వేయునది కాదు. విత్తనమును ఇప్పుడే నేలలో వేయవలెనా, మరి నాలుగు దినములు ఇంటిలోనే ఉంచవలెనా అను నిర్ణయము దానిపై ఆధారపడి యున్నది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్నచో మొదట మబ్బులను జాతులుగా విడదీయవలెను. మానవుడు ఈ పనిని మొదట నేలమీద నిలిచి చేసెను. తరువాత ఉపగ్రహమునుండి చేసెను. రెండు చూపులలో ఒకటి చాలదని తెలిసికొనుటకు అతనికి చాల కాలము పట్టినది. ఆ చరిత్రను ఇచ్చట సంగ్రహముగా చెప్పుదుము.

నేలమీదినుండి పెట్టిన పేర్లు

మన పల్లెలలో మబ్బులకు పేర్లు లేకపోలేదు. కారుమబ్బు వేరు, ముసురు వేరు, దూదిపింజల వంటి తెల్లమబ్బు వేరు. ఏ కార్తెలో ఏ మబ్బు ఎట్లుండునో పెద్దలు చెప్పగలరు. కాని ఈ పేర్లు ఊరికొక తీరుగా నుండును. ప్రపంచములోని వారందరును ఒకే మబ్బును ఒకే పేరుతో పిలుచునట్లు చేయుటకు మొదట ప్రయత్నించిన వారిలో ఒకడు ఫ్రాన్సు దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు లామార్కు. అతడు 1802లో ఒక పట్టికను ప్రకటించెను. కాని అది వ్యాప్తికి రాలేదు. అదే సంవత్సరము డిసెంబరులో లండనులో మందుల వ్యాపారము చేయుచుండిన ల్యూక్ హోవర్డు ఒక చిన్న విద్వత్సభలో తన పట్టికను చదివెను. ఈకలవంటి మబ్బు సిర్రస్, కుప్పవంటి మబ్బు క్యుములస్, పరుపువలె పరచుకొన్న మబ్బు స్ట్రాటస్, వాన కురియు మబ్బు నింబస్. ఈ లాటిను పేర్లే నేటికిని మన పాఠ్యపుస్తకములలో నిలిచి యున్నవి.

ఇంగ్లండులోని క్యుములసును, ఉష్ణమండలములోని క్యుములసును ఒకటియేనా అను సందేహము తరువాత పుట్టెను. దీనిని తీర్చుకొనుటకు రాల్ఫ్ అబర్‌క్రాంబి అను వాతావరణ శాస్త్రజ్ఞుడు 1880 ప్రాంతములలో భూమిని చుట్టివచ్చి, మబ్బుల ఆకారములు అన్ని దేశములలోను ఒకటేయని నిశ్చయించెను. స్వీడను దేశీయుడైన హిల్డెబ్రాండ్‌సన్ మున్నగు వారి కృషి ఫలితముగా 1896లో అంతర్జాతీయ మేఘ చిత్రావళి వెలువడెను. ఎత్తును, ఆకారమును అనుసరించి మబ్బులను పది జాతులుగా విభజించు పద్ధతి అట్లు స్థిరపడినది. 1875లో నెలకొల్పబడిన భారత వాతావరణ శాఖ పరిశీలకులును ఈ పేర్లనే తమ పుస్తకములలో వ్రాసికొనుచు వచ్చిరి.

ఈ పద్ధతిలో ఒక లోపము కలదు. నేలమీద నిలిచినవానికి కనబడు ఆకాశము కొన్ని పదుల కిలోమీటర్లు మాత్రమే. భూమిలో నూటికి 71 వంతులు సముద్రము. అచ్చట ఓడ పోవు దారి తప్పించి మరెచ్చటను పరిశీలకుడు లేడు. ఒక్కొక్కడు ఒక్కొక్క మబ్బును చూచి వ్రాసినదంతయు అంధగజన్యాయము వలె నుండెను. ఏనుగు కాలును తడిమినవాడు స్తంభమనెను. చెవిని తడిమినవాడు చేట యనెను. ఏనుగును పూర్తిగా చూచినవాడు లేడు.

రాకెట్టు నుండి టైరాస్ వరకు

1946 అక్టోబరు 24న అమెరికాలోని వైట్ శాండ్స్ నుండి ఎగిరిన ఒక వి-2 రాకెట్టు సుమారు 105 కి.మీ. ఎత్తునుండి భూమి వంపును, దానిపైనున్న మబ్బులను చిత్రములు తీసెను. 1954లో మరొక రాకెట్టు తీసిన చిత్రములలో, నేలమీది పరిశీలకులు సరిగా గుర్తింపని ఒక ఉష్ణమండల తుపాను సుడి టెక్సాసు ప్రాంతముమీద కనబడెను. పైనుండి చూచుటవలన ఏమి లాభమో దీనితో స్పష్టమయ్యెను. 1959 ఫిబ్రవరిలో పంపిన వాన్‌గార్డ్-2 ఉపగ్రహములో మబ్బులను గుర్తించు పరికరముండెను. కాని ఆ ఉపగ్రహము బొంగరము చివరకు ఊగినట్లు ఊగుటచేత చిత్రములు కుదురలేదు.

1960 ఏప్రిల్ 1న ఎగిరిన టైరాస్-1 ఈ చరిత్రలో మైలురాయి. బరువు సుమారు 122 కిలోలు. ఎత్తు సుమారు 700 కి.మీ.; లోపల రెండు టెలివిజన్ కెమెరాలు. పనిచేసినది 78 దినములే. అయినను 22,000కు పైగా చిత్రములను పంపెను. శాస్త్రజ్ఞులు ఈ చిత్రములనుండి మబ్బుల పటములను చేతితో గీసి తంతి, రేడియోల ద్వారా దేశదేశములకు పంపుచుండిరి.

చిత్రములైతే వచ్చినవి, కాని పాత పేర్లు వానికి సరిపడలేదు. హోవర్డు పేర్లు క్రిందినుండి చూచిన ఆకారమునకు పెట్టినవి. పైనుండి తీసిన చిత్రములో విడివిడి క్యుములస్ మబ్బు చుక్కగానైనను కనబడదు. అట్టివి వేలకొలది కలిసి ఏర్పరచిన ముగ్గు మాత్రమే కనబడును. ఆ ముగ్గులు క్రొత్తవి. కొన్నిచోట్ల మబ్బులు వీధులవలె సమాంతరముగా సాగినవి. కొన్నిచోట్ల వేల కిలోమీటర్ల పొడవున సుడితిరిగినవి. సముద్రముల మీద తేనెపట్టు గదులవంటి అమరిక కనబడెను. 1961లో క్రూగర్, ఫ్రిట్జ్ అనువారు ఈ గదులను గూర్చి ప్రకటించిరి. ఒక్కొక్క గది అడ్డము కొన్ని పదుల కిలోమీటర్లు. కొన్ని గదులలో నడుమ మబ్బుండి అంచులు ఖాళీగా నుండును. కొన్నిటిలో నడుమ ఖాళీయై అంచులందు మబ్బుండును. ఫ్రాన్సులో బెనార్డు 1900లో పలుచని ద్రవపు పొరను క్రిందినుండి వేడిచేసినప్పుడు ఇట్టి గదులనే చూచి యుండెను. పళ్లెములో పుట్టిన ఆకృతియే మహాసముద్రముపై పుట్టుట అందరికిని ఆశ్చర్యము గొలిపెను. క్రింద ఓడలో నిలిచి చూచినవానికి ఈ సంగతి నూరేండ్లు చూచినను తెలియదు.

కాబట్టి పైచూపునకు వేరొక వ్యాకరణము కావలసి వచ్చెను. 1962లో జాన్ కనోవర్ మున్నగువారు ఉపగ్రహ చిత్రములలోని మబ్బులను గుర్తించు సూత్రములను కూర్చిరి. మబ్బు ఎంత తెల్లగా నున్నది, ఎంత పరిమాణము గలది, ఏ ఆకారము గలది, అంచు నునుపా గరుకా, గుంపులు ఏ అమరికలో నున్నవి, నీడ ఎచ్చట పడినది అను ప్రశ్నలు వేసి జవాబునుబట్టి పేరు పెట్టవలెను. ఇది గుడ్డను చూచి నేతను గుర్తించుట వంటిది. విడివిడి పోగును కాక మొత్తపు అల్లికను చూడవలెను.

మన దేశములోను ఈ చిత్రములు త్వరలోనే ఉపయోగమునకు వచ్చినవి. 1963 డిసెంబరులో ఎగిరిన టైరాస్-8, తాను పోవుచున్న చోటి చిత్రమును అప్పటికప్పుడే నేలమీది సామాన్యమైన గ్రాహకమునకు పంపగలిగెను. ఆ కాలమున హిందూ మహాసముద్ర అంతర్జాతీయ పరిశోధన జరుగుచుండెను. దానికై బొంబాయి కొలాబాలో ఏర్పడిన వాతావరణ కేంద్రము ఈ చిత్రములను అందుకొని, అంతవరకు చీకటిగా నున్న సముద్రముపై మబ్బులను చూడగలిగెను.

రాత్రి చూపు, నిలిచిన చూపు

వెలుతురుతో తీయు చిత్రములకు పగలు కావలెను. 1964లో ఎగిరిన నింబస్-1 పరారుణ కిరణములతో రాత్రివేళను కూడ మబ్బులను చూచెను. ప్రతి వస్తువును తన వేడిమిని బట్టి పరారుణ కిరణములను వెలువరించును. మనము పైకి పోయినకొలది కిలోమీటరునకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడును. కావున మబ్బు తల ఎంత చల్లగా నున్నదో కొలిచినచో అది ఎంత ఎత్తున నున్నదో తెలియును.

ఈ రెండు చూపులను జతపరచుటలోనే క్రొత్త వర్గీకరణ రహస్యమున్నది. వెలుతురులో తెల్లగా మెరయుచు, పరారుణములో మిక్కిలి చల్లగా నున్నచో అది పది పదిహేను కిలోమీటర్ల ఎత్తునకు లేచిన ఉరుముమబ్బు. వెలుతురులో పలుచగా కనబడుచు, పరారుణములో చల్లగా నున్నచో అది ఎత్తున తేలు సిర్రస్ తెర. దానినుండి నేలకు చుక్క రాదు. వెలుతురులో తెల్లగా నుండియు, పరారుణములో ఇంచుమించు నేలయంత వెచ్చగా నున్నచో అది తక్కువ ఎత్తున పరచుకొన్న పొరమబ్బు. మన మెట్టసీమపై దినముల తరబడి నిలిచి, కురియక పోవు మొగులులో చాలభాగమీ మూడవ జాతిది.

ఈ చూపునకు స్థిరత్వము 1966 డిసెంబరులో వచ్చినది. అమెరికా పంపిన ఏటీఎస్-1 అను భూస్థిర ఉపగ్రహము భూమితోపాటు తిరుగుచు, ఒకే ప్రదేశమును అర్ధగంట లోపుగా మరల మరల చిత్రించెను. ఇందులోని కెమెరా వెర్నర్ సువోమి కల్పన. మబ్బు రూపమే కాక దాని పుట్టుక, పెరుగుదల, నాశము కూడ ఇప్పుడు వర్గీకరణకు ఆధారములయ్యెను.

తుపానుకు కొలబద్ద

మబ్బుల ముగ్గును చదువుట ఎంతటి ప్రాణప్రదమైన విద్యయో తుపానుల విషయమున తెలియగలదు. 1970 తరువాతి సంవత్సరములలో వెర్నన్ డ్వోరాక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తుపాను మబ్బుల ఆకృతినిబట్టి దాని బలమును లెక్కగట్టు పద్ధతిని రూపొందించి, 1975లో ప్రకటించెను. మబ్బు పట్టీ కేంద్రము చుట్టు ఎంత వంపు తిరిగినది, కన్ను ఏర్పడినదా, కంటి చుట్టునున్న మబ్బు ఎంత చల్లనిది అని చూచి 1 నుండి 8 వరకు అర మెట్లుగా అంకె వేయుదురు. 4 అను అంకె గంటకు సుమారు 120 కి.మీ. గాలికి గుర్తు. గాలిని కొలువకయే, మబ్బు ముఖమును చూచి గాలి వేగమును చెప్పుట ఇందలి విశేషము.

1977 నవంబరు 19న దివిసీమను ముంచివేసిన తుపానులో సుమారు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. నాడు మన దేశమునకు సొంత భూస్థిర వాతావరణ ఉపగ్రహము లేదు. ధ్రువముల మీదుగా తిరుగు విదేశీ ఉపగ్రహములు దినమునకు కొద్దిసార్లు మాత్రమే ఆ ప్రాంతమును దాటిపోవును. 1982లో పంపిన ఇన్సాట్-1ఏ కొలదినెలలకే చెడిపోయెను. 1983 ఆగస్టు 30న ఎగిరిన ఇన్సాట్-1బితో బంగాళాఖాతముపై మనకు సొంత నిలుకడ చూపు వచ్చెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు ఆస్తినష్టము అపారము. కాని ఆంధ్రప్రదేశములో ప్రాణనష్టము వందకు లోపే. ఈ మార్పు ఉపగ్రహ మొక్కదాని వలననే కలుగలేదు. రాడార్లు, గణన యంత్రములు, తుపాను ఆశ్రయములు, ప్రజలను ముందుగా తరలించుట అన్నియు కారణములే. అయినను దూర సముద్రములో తుపానును మొదట గుర్తించునది ఉపగ్రహపు కన్నే.

తొమ్మిది గడుల పట్టిక

ఇంతవరకు పేర్లు పెట్టినది నిపుణుని కన్ను. ఇద్దరు నిపుణులు ఒకే చిత్రమునకు రెండు పేర్లు పెట్టవచ్చును. భూమినంతటిని సంవత్సరముల తరబడి ఒకే కొలతతో లెక్కించుటకు 1982లో అంతర్జాతీయ ఉపగ్రహ మేఘ విజ్ఞాన ప్రణాళిక ఏర్పడెను. రాబర్టు షిఫర్, విలియం రోసో దీనికి ప్రముఖులు. 1983 జులైనుండి లెక్క మొదలయ్యెను. ఇందులో మబ్బును రెండు కొలతలతో గుర్తింతురు. ఒకటి మబ్బు తలయొద్ద గాలి పీడనము, అనగా ఎత్తు. రెండవది వెలుతురును అడ్డగించు మందము. పీడనము 680 మిల్లీబారులకు మించిన క్రిందిమబ్బు, 680-440 నడుమ నడిమిమబ్బు, 440కి తక్కువైన పైమబ్బు. మందము 3.6, 23 అను రెండు హద్దులతో మరల మూడు తరగతులు. మూడు మూళ్లు తొమ్మిది గడులు. హోవర్డు పేర్లు ఈ గడులలో మరల కనబడును గాని ఇప్పుడవి అంకెలకు పెట్టిన పేర్లు. ఏ క్షణముననైనను భూమిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు మబ్బు క్రింద నుండునని ఈ లెక్కవలన తేలినది.

మన పాఠకులు గమనింపదగిన సంగతి ఒకటి కలదు. ఈ ప్రపంచ పటములో చాలకాలము హిందూ మహాసముద్ర భాగమే బలహీనముగా నుండెను. ఇతర సముద్రములపై భూస్థిర ఉపగ్రహముల సమాచారము నిరంతరముగా చేరుచుండగా, ఈ భాగమును ఎక్కువగా ధ్రువ ఉపగ్రహములతోనే పూరింపవలసి వచ్చెను. 1998లో ఐరోపావారి మీటియోశాట్-5ను తూర్పు రేఖాంశము 63 డిగ్రీలకు జరిపిన తరువాతనే ఆ లోటు తీరెను. లోకములోకెల్ల గొప్ప ఋతుపవనమునకు తావైన చోటనే లెక్క లోపించుట విచారకరము గదా!

2003లో జాకబ్, సెలియూడిస్ అను శాస్త్రజ్ఞులు మరొక మెట్టు ఎక్కిరి. సుమారు 280 కి.మీ. చదరములోని మబ్బులు ఆ గడులలో ఏ పాళ్లలో ఉన్నవో లెక్కించి, పోలిక గల చదరములను గణన యంత్రము చేత గుంపులు చేయించిరి. ఈ గుంపులకు వాతావరణ స్థితులని పేరు. గాఢమైన ఉరుముమబ్బుల స్థితి ఉష్ణమండలములో చాల కొద్ది భాగమునే ఆక్రమించును. కాని ఉష్ణమండల వర్షములో దాదాపు సగము దానినుండియే కురియును. మబ్బు విస్తారమునకును వానకును పొత్తు లేదని మన రైతుకు తెలిసిన సత్యము ఇట్లు ప్రపంచపు లెక్కలలో రుజువైనది.

విచిత్రమేమనగా, ఇన్ని అంకెల తరువాత శాస్త్రజ్ఞులు మరల కంటిచూపునకే వచ్చిరి. సముద్రములపై నుండు చిన్న మబ్బుల ముగ్గులకు ఇటీవల చక్కెర, కంకర, చేప, పువ్వు అని నాలుగు పేర్లు పెట్టిరి. 67 మంది శాస్త్రజ్ఞులు సుమారు 10,000 చిత్రములను కూర్చుండి చూచి, గుర్తులు పెట్టి, ఆ గుర్తులతో గణన యంత్రమునకు నేర్పిరి. 2020లో వెలువడిన ఈ పనిని చూచినచో, లాటిను పేర్లు రాకముందు మన పెద్దలు దూదిపింజ అని పిలిచిన పద్ధతి ఎంత సహజమైనదో తెలియును.

మహబూబ్‌నగర్‌లో మరల నేలమీదికి

మహబూబ్‌నగర్ జిల్లాకును ఉపగ్రహ విజ్ఞానమునకును పాత సంబంధము కలదు. జాతీయ దూర సంవేదన సంస్థవారి గ్రాహక కేంద్రము షాద్‌నగర్‌లో నున్నది. ఆ ఊరు 2016 వరకు ఈ జిల్లాలోనిదే. నేడు రంగారెడ్డి జిల్లాలో చేరినది. 1979లో అచ్చట లాండ్‌శాట్ ఉపగ్రహ సమాచారమును నేరుగా అందుకొనుట మొదలుపెట్టిరి. తరువాతి కాలమున మబ్బులను అనేక వర్ణకిరణములలో చూచు టెర్రా, ఆక్వా ఉపగ్రహముల సమాచారమును కూడ అచ్చట అందుకొనిరి.

అయినను పైచూపునకు ఒక హద్దు కలదు. ఉపగ్రహము చూచునది మబ్బు తలను. వాన పుట్టునది మబ్బు కడుపులో. 2006లో ఎగిరిన క్లౌడ్‌శాట్ రాడారుతోను, కాలిప్సో లేసరు వెలుతురుతోను మబ్బును నిలువునా కోసి చూపినవి. కాని అవి చూపినది తమ క్రింద నున్న సన్నని గీతను మాత్రమే. మెట్టసీమ మబ్బు ఏల కురియదను ప్రశ్నకు నేలమీదను, మబ్బులోపలను వెదకవలసి వచ్చెను.

ఈ అవసరము పుస్తకములోనిది కాదు. ఈ శతాబ్దపు మొదటి దశకమున కరవు జిల్లాలలో ప్రభుత్వము మేఘమథనమునకు పూనుకొనెను. విమానమునుండి రసాయనమును చల్లిన మాత్రమున ప్రతి మబ్బును కురియదు. ఏ మబ్బులో ఎంత నీరున్నదో, బిందువులెంత పెద్దవో తెలియక చల్లుట గాలిలో ధనము చల్లుటయే. 2009లో దేశమంతట నైరుతి వాన నూటికి 22 వంతులు తగ్గెను. అదే సంవత్సరము అక్టోబరు మొదటి దినములలో కుంభవృష్టి కురిసి కర్నూలును, మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురమును తుంగభద్ర ముంచెను. ఒకే సంవత్సరమున ఒకే సీమకు కరవును వరదయు!

పూనాలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ 2009లో మబ్బులపై ఒక పెద్ద ప్రయోగమును ప్రారంభించెను. పరికరములు బిగించిన విమానము హైదరాబాదు మొదలగు నగరములనుండి ఎగిరి మబ్బులలోనికి దూరి కొలతలు తీసెను. 2011లో ఈ ప్రయోగములో భాగముగా మహబూబ్‌నగర్‌లో నేలమీది పరిశీలన కేంద్రమును నడిపిరి. వర్షచ్ఛాయా ప్రాంతమగుటయే ఆ ఊరిని ఎన్నుకొనుటకు కారణము. గాలి తేమను, వేడిమిని ఎత్తువారీగా తెలుపు బెలూనులు, సూక్ష్మతరంగ పరికరములు, నేలనుండి పైకి పోవు ఆవిరిని కొలుచు గోపురము అచ్చట పనిచేసినవి.

ఇట్టి కొలతల వలన ఏమి తెలిసినది? మబ్బు బిందువు వ్యాసము సుమారు 10 మైక్రానులు. అట్టివి పది లక్షలు కలిసినగాని ఒక మిల్లీమీటరు చినుకు ఏర్పడదు. గాలిలో పొగ, దుమ్ము కణములు హెచ్చుగా నున్నచో ఉన్న నీరే ఎక్కువ కణములకు పంచబడి బిందువులు మిక్కిలి చిన్నవగును. పది మందికి వండిన అన్నమును వందమందికి వడ్డించినట్లు! అవి కలిసి చినుకు కావలెనన్నచో మబ్బు ఇంకను ఎత్తునకు పెరుగవలెను. బిందువుల సంఖ్య పెరిగినకొలది వాన మొదలగు ఎత్తును పెరుగునని ఈ ప్రయోగములోని విమాన కొలతలు చూపినవి. పలుచగా పరచుకొన్న మొగులునకు ఆ ఎదుగుదల ఉండదు. కనుకనే అది ఆశ చూపి తేలిపోవును.

ఉపాధ్యాయులకు ఒక మాట

నేడు 2016లో పంపిన ఇన్సాట్-3డిఆర్, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోటనుండి ఎగిరిన ఇన్సాట్-3డిఎస్ మన ఆకాశమును రాత్రింబవళ్లు చూచుచున్నవి. వాని చిత్రములను భారత వాతావరణ శాఖ ఇంటర్‌నెట్‌లో అందరికిని ఇచ్చుచున్నది. ఉన్నత పాఠశాల విద్యార్థులు వానకాలమున ప్రతిదినము ఉదయము 9 గంటలకు, మధ్యాహ్నము 3 గంటలకు ఆకాశమును చూచి మబ్బు జాతిని, ఎంత భాగము కప్పినదో పుస్తకములో వ్రాసికొనవలెను. అదే వేళకు వెలుతురు చిత్రములోను, పరారుణ చిత్రములోను తమ జిల్లాపై ఏమున్నదో పోల్చి చూడవలెను. ఒక సాధారణమైన వానమానినితో ఆ దినపు వానను కొలిచి ప్రక్కన వేయవలెను. మూడు గడుల ఈ పట్టిక నాలుగు నెలలు సాగినచో, తమ ఊరిమీద ఏ మబ్బు కురియునో, ఏది కురియదో విద్యార్థులే చెప్పగలరు.

హోవర్డు క్రిందినుండి చూచెను. టైరాస్ పైనుండి చూచెను. మబ్బు ఒక్కటే. రెండు చూపులను ఒకచోట చేర్చి, ప్రక్కన వానకొలతను కూడ వ్రాసికొన్నవానికే దాని స్వభావము బోధపడును. ఆకాశమున తెర యున్న ప్రతిదినమును విత్తుటకు యోగ్యమైన దినము కాదని మెట్టసీమ రైతు అనుభవముచేత తెలిసికొనెను. ఎందుచేత కాదో అంకెలతో చూపగల శక్తి ఇప్పుడు అతని పిల్లలకు అందుబాటులో నున్నది.